ఉస్మానియా లైబ్రరీ స్కాన్లలో పాత తెలుగు పుస్తకం వెతికి పట్టుకోవడం ఎలా?

"సార్, ఫలానా పుస్తకం నెట్‌లో ఉందంటున్నారు, నాకు మాత్రం కనిపించడం లేదు." నెలలో నాలుగైదుసార్లయినా ఈ మాట వింటాను. పీహెచ్‌డీ పిల్లలు అడుగుతారు, తాతగారి శతకం కోసం మనవలు అడుగుతారు, అమెరికాలో ఉండి సొంతూరి చరిత్ర రాసుకుంటున్నవాళ్లు అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందు ఈ పుస్తకాలు ఎక్కడివో రెండు ముక్కలు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మన చిత్తూరు జిల్లా కాటూరుకు చెందిన రాజ్ రెడ్డి గారి చొరవతో పది లక్షల పుస్తకాల స్కానింగ్ మొదలైంది. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా నడిచింది. అందులో భాగంగా 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం లైబ్రరీలోని తెలుగు పుస్తకాలు కూడా స్కాన్ అయ్యాయి. ఆ స్కాన్లు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ (ఆర్కైవ్ డాట్ ఆర్గ్) అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉన్నాయి. అంటే పుస్తకం అక్కడే ఉండి మీకు కనిపించకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఏమేం కావాలి

- పుస్తకం పేరు, రచయిత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. తెలిస్తే ముద్రించిన ఊరు, ప్రెస్సు, సుమారు సంవత్సరం.
- కంప్యూటర్. ఫోన్‌లోనూ పని జరుగుతుంది గానీ పుటలు సరిచూసేటప్పుడు చిన్న తెర మీద కళ్లు లాగేస్తాయి.
- ఒక కాగితం, పెన్ను. ఏ స్పెల్లింగ్‌తో వెతికారో రాసుకోకపోతే అదే మాటను పదిసార్లు కొడతారు.
- ఒక సాయంత్రం.

1. స్పెల్లింగులు ముందే రాసుకోండి

నూటికి తొంభైమంది ఇక్కడే ఆగిపోతారు. స్కాన్ చేసినప్పుడు పేర్లను చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించారు. ఆ రాయడం ఒక్క పద్ధతిలో లేదు. కొన్ని పేర్లు మనం మామూలుగా రాసుకునేలా ఉంటాయి. కొన్ని మాత్రం ఆ రోజుల్లో కంప్యూటర్ కోసం పెట్టుకున్న వేరే పద్ధతిలో ఉంటాయి. దీర్ఘానికి అదే అక్షరం రెండుసార్లు, సున్నాకు 'ఎన్' పక్కన పైన ఒక కామా, ఋత్వానికి 'ఆర్', 'ఎక్స్' కలిపి. 'ఆంధ్ర' అనే మాట ఆ లెక్కన 'ఏ, ఏ, ఎన్', పైన కామా, 'డి, హెచ్, ఆర్, ఏ' అయి కూర్చుంటుంది. 'కృష్ణ' మొదట్లో 'కె, ఆర్, ఎక్స్' వస్తుంది. మామూలుగా కొడితే ఇవి చిక్కుతాయా?

అందుకని ప్రతి పేరుకూ కనీసం నాలుగు రకాలు రాసుకోండి:

- 'త'కు ఒట్టి 'టి'తో ఒకటి, 'టి, హెచ్'తో ఒకటి.
- 'శ', 'ష'లకు ఒట్టి 'ఎస్'తో ఒకటి, 'ఎస్, హెచ్'తో ఒకటి.
- దీర్ఘం ఉన్నచోట ఒకే అక్షరంతో ఒకటి, రెండు అక్షరాలతో ఒకటి. 'వీరేశలింగం' అన్న పేరులో మొదటి 'వీ'కే మూడు రకాలు చూశాను: 'వి, ఐ', 'వి, ఈ, ఈ', 'వి, ఐ, ఐ'.
- చివర 'ము' ఉన్నట్టు, 'ం' ఉన్నట్టు. పాత పుస్తకం కాబట్టి 'చరిత్రము' అని ఉండటానికే అవకాశం ఎక్కువ.

తెలుగు లిపిలోనూ ఒకసారి కొట్టి చూడండి. తర్వాత ఎవరైనా సరిదిద్దినవి, వేరేవాళ్లు విడిగా ఎక్కించినవి అలా దొరుకుతాయి.

2. పూర్తి పేరు కొట్టకండి

పేరు ఎంత పొడుగు కొడితే దొరికే అవకాశం అంత తగ్గుతుంది. పేరులో ఎక్కువమంది వాడని మాట ఒక్కటి ఎంచుకోండి. 'శ్రీ', 'ఆంధ్ర', 'చరిత్ర', 'శతకము' లాంటివి వేలల్లో ఉంటాయి, వాటిని వదిలేయండి. ఊరి పేరో, దేవుడి పేరో, రచయిత ఇంటిపేరో పట్టుకోండి.

చివర అక్షరాలు ఎలా రాశారో తెలియనప్పుడు మాటలో మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ వస్తాయి. సగం ఇబ్బంది దీంతోనే పోతుంది.

ఎడమవైపు వడపోతలో పుస్తకాలను, భాషలో తెలుగును ఎంచుకోవచ్చు. ఫోన్‌లో ఈ వడపోత ముడుచుకుని ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. ఒక జాగ్రత్త: భాష తప్పుగా పడినవీ ఉన్నాయి. తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృత పుస్తకాల దగ్గర ఈ గందరగోళం ఎక్కువ. మొదటిసారి దొరకకపోతే భాష వడపోత తీసేసి మళ్లీ వెతకండి.

ఇంకా దొరకలేదా? పుస్తకం వదిలేసి రచయితను పట్టుకోండి. ఆ రచయితవే ఇంకో రెండు పుస్తకాలు దొరికితే, ఆయన పేరును అక్కడ ఏ స్పెల్లింగ్‌తో ఎక్కించారో తెలుస్తుంది. ఆ స్పెల్లింగ్‌నే కాపీ చేసి వెతకండి. నాకు ఎక్కువసార్లు దారి చూపించింది ఇదే.

3. తెరవగానే మొదటి పది పుటలు చూడండి

వెతుకులాటలో కనిపించే పేరును, సంవత్సరాన్ని నమ్మవద్దు. పుస్తకం తెరిచి కళ్లతో చూడాల్సిందే.

ఉస్మానియా స్కాన్ అయితే మొదట్లో పెద్ద నల్లని అక్షరాలతో 'యూనివర్సల్ లైబ్రరీ' అని, మధ్యలో 'ఓయూ' పక్కన ఒక సంఖ్యతో ఓ పుట వస్తుంది. తర్వాత లైబ్రరీ చీటీ. దాని మీద కాల్ నంబర్, అక్సెషన్ నంబర్, రచయిత, పుస్తకం పేరు ఉంటాయి. కింద వేసిన చివరి తేదీలోపు పుస్తకం తిరిగి ఇవ్వాలన్న వాక్యం కూడా ఉంటుంది. ఎప్పుడో ఎవరో లైబ్రేరియన్ కలంతో రాసిన రాత అది. ఇంగ్లీషులో ఎక్కించిన పేరు అర్థం కానప్పుడు ఈ చీటీ చూస్తే అసలు పేరేమిటో తెలిసిపోతుంది.

వీటికన్నా ముందు కొన్ని పుస్తకాల్లో ఇంకో పుట కనిపిస్తుంది. స్కాన్ చేసినవాళ్లు పుస్తకం ఆరోగ్యం గురించి పెట్టిన హెచ్చరిక అది. 'టైట్ బైండింగ్ బుక్' అంటే కుట్టు బిగుసుకుపోయి లోపలి అంచున అక్షరాలు మింగేసి ఉండొచ్చు. 'ద బుక్ వాజ్ డ్రెంచ్డ్' అంటే తడిసిన పుస్తకం, మరకలు ఉంటాయి. 'పేజెస్ మిస్సింగ్ వితిన్ ద బుక్ ఓన్లీ' అని ఉంటే పుటలు అసలు పుస్తకంలోనే లేవు. ఈ పుటను చాలామంది గబగబా దాటేస్తారు. దయచేసి దాటకండి. స్కాన్ చేసేటప్పుడు పుట జారిపోయిందా, లైబ్రరీ ప్రతిలోనే చిరిగిపోయిందా అన్న తేడా తెలిసేది ఇక్కడే.

తర్వాత అసలు ముఖపత్రం. ఇక్కడ మూడు సరిచూసుకోండి: పేరు, సంపుటం నంబర్, ఎన్నో కూర్పు. మొదటి భాగం అని ఎక్కించి లోపల రెండో భాగం ఉన్నవి, ఒకే బైండులో రెండు చిన్న పుస్తకాలు ఉండి మొదటిదాని పేరు మాత్రమే ఎక్కించినవి నేను చాలా చూశాను. మీ తాతగారి 32 పుటల శతకం ఇంకెవరిదో పుస్తకం వెనక కుట్టి ఉండే అవకాశం లేకపోలేదు.

4. సంవత్సరం సరిచూడటం

పాత పుస్తకాల్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండకపోవచ్చు. శాలివాహన శకం ఉంటే 78 కలపండి. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే 60 ఏళ్ల చక్రం లెక్క వేయాలి. మనకు దగ్గరి ప్రభవ 1987లో వచ్చింది, దాని ముందుది 1927, ఇంకా ముందుది 1867. ప్రభవ నుంచి మీ సంవత్సరం ఎన్నోదో లెక్కపెట్టుకోండి.

ఉదాహరణకు ముఖపత్రం మీద 'శా.శ. 1846, రక్తాక్షి' అని ఉందనుకోండి. 1846కు 78 కలిపితే 1924. ఇటు రక్తాక్షి చక్రంలో 58వది. ప్రభవే ఒకటవది కాబట్టి ఒకటి తగ్గించి 1867కు 57 కలిపితే అదీ 1924. రెండూ కలిశాయి కాబట్టి లెక్క సరిపోయింది. అయితే ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. పుష్యం, మాఘం నెలల్లో అచ్చయిన పుస్తకమైతే 1925 కావచ్చు. నెల రాసి లేకపోతే '1924-25' అని రాసుకోవడమే నిజాయితీ.

'రక్తాక్షి' అన్న పేరు ఒక్కటే ఉండి శకం లేకపోతే 1864, 1924, 1984లలో ఏదైనా కావచ్చు. అప్పుడు వెల, ప్రెస్సు పేరు, పీఠికలో తలచుకున్న మనుషులు దారి చూపిస్తారు. వెల అణాల్లో ఉంటే 1984 కాదని తేలిపోయినట్టే.

5. పుటలన్నీ ఉన్నాయా

ఈ మెట్టు నాకు అనుభవం మీద వచ్చింది. ఒకసారి మూడు వందల పుటల పుస్తకం దించి, ప్రింట్ తీయించి, బైండింగ్ చేయించి, కళ్లు సరిగా కనబడని ఒక పెద్దాయనకు ఇచ్చాను. చిన్నప్పుడు ఆయన చదువుకున్న పుస్తకం అది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశారు. "నాయనా, 128 తర్వాత 145 ఉంది. మధ్యది ఏదీ?" పదహారు పుటలు, అంటే సరిగ్గా ఒక ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పుటల కట్ట) మొత్తం లేదు. ఆయన ఎదురుచూసిన ఘట్టం ఆ ఫారంలోనే ఉంది. ఆ రోజు నుంచి ఈ లెక్క చూడకుండా ఎవరికీ పుస్తకం పంపలేదు.

లెక్క సులువే. ఆర్కైవ్‌లో పుస్తకం తెరిచినప్పుడు పైన అడ్రసులో 'ఎన్' అక్షరం పక్కన ఒక అంకె మారుతూ ఉంటుంది. అది బొమ్మ నంబర్. కాగితం మీద అచ్చయిన పుట నంబర్ వేరు. బొమ్మ నంబర్‌లోంచి పుట నంబర్ తీసేయండి. 24వ బొమ్మలో 13వ పుట ఉంటే తేడా 11. ఇప్పుడు పుస్తకం మధ్యలో ఒకచోట, చివర ఒకచోట ఇదే తేడా చూడండి.

- అన్నిచోట్లా 11 వస్తే ఇబ్బంది లేదు.
- తేడా తగ్గితే పుటలు పోయాయి. 11 కాస్తా 9 అయితే రెండు పుటలు లేవు.
- తేడా పెరిగితే కొన్ని పుటలు రెండుసార్లు స్కాన్ అయ్యాయి, లేదా నంబర్ లేని బొమ్మల పుటలు మధ్యలో ఉన్నాయి.

తేడా ఎక్కడ మారిందో పట్టుకోవడానికి ప్రతి పుటా తిప్పక్కర్లేదు. సగంలో చూడండి, ఏ సగంలో మారిందో తెలుస్తుంది. మళ్లీ ఆ సగంలో సగం. ఏడెనిమిదిసార్లలో చోటు దొరుకుతుంది. ఒకచోట రెండు పుటలు పోయి ఇంకోచోట రెండు పుటలు రెండుసార్లు పడితే చివర తేడా సమానంగానే వస్తుంది. అందుకే కనీసం ఐదారుచోట్ల చూడమంటాను.

పుటలు పోయాయని తేలితే అదే పుస్తకం ఇంకో ప్రతి ఉందేమో వెతకండి. వేరే లైబ్రరీలో స్కాన్ చేసిన ప్రతి వేరే స్పెల్లింగ్‌తో ఉండటం మామూలే. దొరికితే ఆ పుటలు అందులోంచి తీసుకోవచ్చు, కానీ రెండూ ఒకే కూర్పు అయితేనే. కూర్పు మారితే పుటల విభజన మారిపోయి, అతికిన చోట వాక్యం కలవదు.

6. దించుకోవడం

పీడీఎఫ్ తీసుకుంటే చాలు. సైజు వంద ఎంబీ దాటేవీ ఉంటాయి, కాబట్టి మొబైల్ డేటా మీద కాకుండా వైఫై మీద దించండి. దిగగానే ఫైల్‌కు తెలుగులో పేరు పెట్టండి: రచయిత, పుస్తకం, సంవత్సరం. లేదంటే నెల తర్వాత పొడుగాటి అంకెల పేర్లతో ఇరవై ఫైళ్లు ఉంటాయి, ఏది ఏదో తెలియదు.

ఆ అంకెలను మాత్రం పారేయకండి. 'ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015' తర్వాత వచ్చే సంఖ్య ఆ స్కాన్ గుర్తింపు. కాగితం మీద రాసిపెట్టుకుంటే మళ్లీ ఎప్పుడైనా నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

7. అచ్చును టైపు అక్షరాలుగా మార్చాలంటే

ఆర్కైవ్ ఇచ్చే పాఠం (టెక్స్ట్) ఫైల్ పాత తెలుగు అచ్చుకు అంతగా పనికిరాదు. కావలసిన పుటలను బొమ్మలుగా తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. కింద తెలుగు అక్షరాలు వస్తాయి. ఒకేసారి పుస్తకమంతా పెట్టకండి, రెండుమూడు పుటల చొప్పున అయితే బాగా వస్తుంది.

వచ్చినదాన్ని అలాగే వాడేయవద్దు. 'ప', 'వ'లు తారుమారవుతాయి. 'ఘ' కాస్తా 'ఫు' అవుతుంది. అరసున్నలు ఎగిరిపోతాయి, బండి 'ఱ' ఇంకేదో అవుతుంది. పద్యమైతే గణాలు వేసి చూడండి, తప్పున్న పాదం లెక్క తప్పి తనంతట తానే పట్టుబడుతుంది. వచనమైతే ఒకరు అసలు చదువుతుంటే ఇంకొకరు టైపు పాఠం చూడటమే మంచి పద్ధతి. ఇంట్లో పెద్దవాళ్లను చదవమనండి, ఎంతో సంతోషంగా చదువుతారు.

8. మాట అర్థం కాకపోతే

షికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో రెండు తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులు ఉచితంగా ఉన్నాయి. ఒకటి బ్రౌన్ నిఘంటువు 1903 కూర్పు, రెండోది గ్విన్ నిఘంటువు, 1991. ద్రావిడ భాషల్లో ఆ మాటకు చుట్టాలెవరో చూడాలంటే బరో, ఎమెనోల వ్యుత్పత్తి నిఘంటువు 1984 కూర్పు కూడా అక్కడే ఉంది.

చాలామంది "మాట లేదంటోంది" అని వదిలేస్తారు. కారణం ఎక్కువగా ఇదే: బ్రౌన్‌లో 'పుస్తకము' అని వెతకాలి, గ్విన్‌లో 'పుస్తకం' అని. క్రియలను మూలరూపంలో ఇవ్వాలి, 'చేశాడు' అంటే దొరకదు, 'చేయు' అనాలి. పాత కావ్యం మాటకు బ్రౌన్ ముందు, ఇరవయ్యో శతాబ్దపు కథకో పత్రిక వ్యాసానికో గ్విన్ ముందు చూడండి.

9. వ్యాసంలో పేర్కొనేటప్పుడు

థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే తప్పు బొమ్మ నంబర్‌ను పుట నంబర్‌గా వేయడం. ఎప్పుడూ కాగితం మీద అచ్చయిన అంకెనే వేయండి. పీఠికకు నంబర్ లేకపోతే 'పీఠిక' అని రాస్తే చాలు. రచయిత, పుస్తకం, కూర్పు, ఊరు, ప్రెస్సు, సంవత్సరం, పుట, ఆఖరున స్కాన్ గుర్తింపు సంఖ్య ఇవ్వండి. ఏ లైబ్రరీ ప్రతో కూడా చెప్పండి. ఆ పుస్తకాన్ని ఇన్నాళ్లు కాపాడినవాళ్లకు ఆ మాత్రం గుర్తింపు దక్కాలి.

10. పదిమందికి పంచే ముందు

నెట్‌లో ఉన్నంత మాత్రాన హక్కులు తీరిపోయినట్టు కాదు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ (1915), వీరేశలింగం (1919), చిలకమర్తి (1946) రచనలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. అయితే వాళ్ల పుస్తకానికి ఈమధ్య ఎవరైనా రాసిన వ్యాఖ్యానం, పీఠిక ఉంటే ఆ భాగం వేరే లెక్క. మీరు చదువుకోవడం, రాసుకోవడం వేరు. మళ్లీ అచ్చు వేయడం వేరు.

గడువు తీరిన పుస్తకమైతే మీరు సరిచూసిన పాఠాన్ని తెలుగు వికీసోర్స్‌లో పెట్టొచ్చు. అక్కడ పుట బొమ్మ పక్కనే పాఠం ఉంటుంది కాబట్టి మీరు వదిలిన తప్పును ఇంకొకరు దిద్దుతారు. తర్వాత ఆ పుస్తకం కోసం వెతికేవాళ్లు తెలుగులో కొడితే చాలు, దొరుకుతుంది.

అన్నీ చేసినా దొరకకపోతే

అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి విశ్వవిద్యాలయ లైబ్రరీల్లో అడగండి. 1962 నుంచి, మనకు పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద గోధుమలు అమ్మిన రూపాయల్లో కొంత పెట్టి ఇక్కడి పుస్తకాలు కొని అక్కడి లైబ్రరీలకు పంపారు. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. మీ లైబ్రరీలో లేకపోతే వేరేచోటి నుంచి తెప్పించే ఏర్పాటు ఉందేమో కౌంటర్‌లో కనుక్కోండి.

ఇక్కడున్నవాళ్లు హైదరాబాద్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం చూడండి. వెళ్లేటప్పుడు మీరు వెతికిన స్పెల్లింగుల కాగితం కాదు, తెలుగులో పేరు, రచయిత, సుమారు సంవత్సరం రాసిన చీటీ తీసుకెళ్లండి. అక్కడ వెతికిపెట్టేది మనుషులు. పుస్తకం చేతికొస్తే ముందు 5వ మెట్టు గుర్తు చేసుకుని పుట నంబర్లు తిరగేయండి, ఆ తర్వాతే ఫొటోలు తీయడం మొదలుపెట్టండి.